మా అమ్మాయి హెచ్-ఇండెక్స్ మూడేనట

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మా అమ్మాయి నిరుడు క్రిటికల్ కేర్‌లో డీఎం (ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ చదువు) పూర్తిచేసింది. ఒక మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూలో "మీ హెచ్-ఇండెక్స్ ఎంత?" అని అడిగారట. మూడు అని చెప్పిందట. తనతో చదివిన అబ్బాయికి తొమ్మిదట. ఆ రోజు నుంచి సరిగా అన్నం తినడం లేదు, ఒకటే టెన్షన్. ఏమిటండీ ఈ అంకె? రోగుల్ని బాగా చూసుకుంటే చాలదా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు అమ్మాయిని కూర్చోబెట్టి కడుపునిండా అన్నం తినిపించండి. డీఎం అయిన ఏడాదికి మూడంటే తక్కువేమీ కాదు.

తను రాసిన పరిశోధన పేపర్లలో మూడింటికి, ఒక్కోదానికి కనీసం మూడేసి సైటేషన్లు వచ్చాయన్నమాట. అంటే తర్వాత రాసినవాళ్లు తమ పేపర్లలో వాటిని ప్రస్తావించారు. అంతే. హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 2005లో పెట్టిన లెక్క ఇది. పెరగడమే తప్ప తగ్గడం ఉండదు కాబట్టి ముందు మొదలుపెట్టినవాళ్లకు ఎక్కువ ఉండటం మామూలే. యాభై మంది పేర్లున్న పెద్ద స్టడీలో ఒక పేరుగా ఉన్నా, ఒక్కరే రాత్రుళ్లు కూర్చుని రాసినా లెక్క ఒకటే. ఆ అబ్బాయి తొమ్మిది ఎలా వచ్చిందో తెలియకుండా మీ అమ్మాయి కుంగిపోవడం నాకు బాధగా ఉంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2001లో బెల్జియంలోని లూవెన్ నుంచి గ్రీట్ వాన్ డెన్ బర్గ్ బృందం ఒక పేపర్ ప్రచురించింది. సర్జికల్ ఐసీయూలో 1,548 మంది మీద చేసిన స్టడీ. ఇన్సులిన్‌తో షుగర్‌ని 80–110 మధ్య గట్టిగా పట్టి ఉంచితే ఐసీయూలో మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయి. ప్రపంచమంతా ఆ పేపర్ గురించే మాట్లాడింది. మేమూ మొదలుపెట్టాం. ఒక రాత్రి రెండున్నరకి, న్యుమోనియాతో వెంటిలేటర్ మీద ఉన్న పెద్దాయనకు ఒళ్లంతా చెమటలు. దిండు గలీబు తడిసిపోయింది. సిస్టర్ స్ట్రిప్ పెట్టి చూస్తే షుగర్ 34! మత్తులో ఉన్న మనిషి కళ్లు తిరుగుతున్నాయని చెప్పలేడు కదా. వెంటనే డెక్స్‌ట్రోస్ ఎక్కించాం, తేరుకున్నాడు. నేను మాత్రం తెల్లారేదాకా ఆ మంచం దగ్గరే ఉండిపోయాను.

2009లో నైస్-షుగర్ స్టడీ వచ్చింది. ఈసారి 6,104 మంది. షుగర్‌ని అంత బిగించిన వాళ్లలో 90 రోజుల్లో 27.5 శాతం మంది చనిపోయారు, 180 దాకా వదిలినవాళ్లలో 24.9 శాతం. మేం ఆ పద్ధతి మానేశాం. పాత పేపర్ సైటేషన్లు మాత్రం ఆ తర్వాతా పెరుగుతూనే వచ్చాయి. దాన్ని కాదనేవాళ్లు కూడా దాని పేరు రాయాల్సిందే కదా! మెచ్చుకున్నారా, కాదన్నారా అన్నది అంకెకు తెలియదు. లూవెన్ వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లు ఆ ప్రశ్న లేవనెత్తకపోతే రెండో స్టడీ వచ్చేదే కాదు.

ఇంకో పేపర్ నా మనసుకు దగ్గరది. 2000లో అమెరికాలోని ఆర్డ్స్ నెట్‌వర్క్ అనే ఆసుపత్రుల బృందం 861 మందితో చేసిన స్టడీ అది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లకు వెంటిలేటర్ ఒక్కో శ్వాసకు కిలో బరువుకి 12 మిల్లీలీటర్ల గాలి బదులు 6 ఇస్తే మరణాలు 39.8 శాతం నుంచి 31కి దిగాయి. ఆ కిలోలు తూకంలో వచ్చేవి కావు, ఎత్తునుబట్టి లెక్కకట్టేవి. మనిషి ఒళ్లు చేసినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు. 152 సెంటీమీటర్ల ఎత్తున్న ఆవిడ ఎనభై కిలోలున్నా లెక్కలో 45 కిలోలే. అంటే శ్వాసకు 270 మిల్లీలీటర్లు. అందుకని మా యూనిట్‌లో ప్రతి మంచానికీ దర్జీ టేపు ఒకటి కట్టించాను. పడుకోబెట్టిన మనిషిని మడమ నుంచి నడినెత్తి దాకా కొలిచి కేస్‌షీట్‌లో రాస్తే తప్ప వెంటిలేటర్ ఆర్డర్ మీద సంతకం పెట్టేదాన్ని కాదు. ఆ టేపులు ఏ సైటేషన్ లెక్కలోకీ రావు. ఆ పేపర్ మా రోగి మంచం దాకా వచ్చిందనడానికి నాకు అవే సాక్ష్యం.

రోగుల్ని బాగా చూస్తే చాలదా అని అడిగారు. పాఠం చెప్పే ఉద్యోగానికి చాలదమ్మా, పేపర్లూ కావాలి. 270 అనే అంకె ఎవరో ఓపిగ్గా లెక్క రాసిపెట్టినందుకే నా చేతికి వచ్చింది. ఈసారి అడిగితే "మూడు" అని తలెత్తి చెప్పమనండి. ఆ వెంటనే తన పేపర్లలో ఒకటి ఎందుకు రాసిందో, అది రాశాక తన ఐసీయూలో ఏం మారిందో రెండు నిమిషాలు చెప్పమనండి. ఇంటర్వ్యూలు చేసే కుర్చీలో నేనూ కూర్చున్నాను. అంకె అడిగాక నా తర్వాతి ప్రశ్న ఎప్పుడూ అదే.

ప్రశ్న: గూగుల్ స్కాలర్‌లో నా సైటేషన్లు 41, స్కోపస్‌లో 17. ఏది నిజం మేడమ్?
– పీజీ విద్యార్థి, వరంగల్

జవాబు: రెండూ నిజమే. అవి సైటేషన్లు లెక్కపెట్టే రెండు వేర్వేరు వెబ్‌సైట్లు. స్కోపస్ తను ఎంచుకున్న జర్నళ్లు, పుస్తకాలు, సదస్సు పత్రాల్లోనే లెక్కపెడుతుంది. గూగుల్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందే నెట్‌లో పెట్టిన పేపర్లు) కూడా కలుపుతుంది. దరఖాస్తులో ఏది రాసినా పక్కనే ఎక్కడిదో, ఏ తేదీదో రాయి. ఇంకో మాట బాబూ. మన పేర్లలో ఇంటిపేరు ఒక అక్షరమే కాబట్టి "కె. శ్రీనివాస్" అని వెతికితే ఎంతోమంది వస్తారు. వాళ్ల పేపర్లు నీ ఖాతాలో చేరాయేమో ఒకసారి చూసుకో, ఉంటే తీసెయ్. పేపర్లు రాసేవాళ్లను గుర్తుపట్టడానికి ఆర్కిడ్ అని 16 అంకెల నంబరు ఉచితంగా ఇస్తారు. ఈ వారమే తీసుకుని, ఇకనుంచి ప్రతి పేపర్‌లోనూ పేరు ఒకేలా రాయి.