బొమ్మ సంగతి తర్వాత, ముందు అక్షరాలు చూడు

అమ్మలూ,

షాంఘైలో పాత సబ్బు పెట్టెలు, బిస్కట్ డబ్బాలు, చాక్లెట్ కాగితాలు పోగేస్తున్నావట. వాటితో హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్ పెడతావని మీ అమ్మ ఫోన్‌లో ఒకటే గోల. ఆవిడకి టెన్షన్. నాకు టెన్షన్‌తో పాటు గర్వం కూడా, దాచడమెందుకు.

తడిబట్టతో తుడవకు, లామినేషన్ జోలికి పోకు, ఎండ తగలనీయకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

మా ఓడలో సెకండ్ ఇంజనీరు ఒకాయన ఉండేవాడు, కాకినాడ మనిషి. షాంఘైలో ఓ కొట్లో క్యాలెండర్ పోస్టరు కొన్నాడు. 1930ల నాటి సరుకని కొట్టువాడి మాట. పొడుగు గౌను అమ్మాయి, వేళ్ల మధ్య సిగరెట్. ఆ రోజుల్లో సిగరెట్ కంపెనీలు, బ్రిటిష్ అమెరికన్ టొబాకో, దానికి పోటీగా చైనావాళ్ల నాన్‌యాంగ్ బ్రదర్స్, ఇలాంటి బొమ్మలతోనే జనాన్ని లాక్కునేవి. మావాడు ఆ అమ్మాయి మొహం చూసి బేరం కూడా ఆడలేదు. విశాఖలో ఫ్రేము కట్టించేటప్పుడు బయటపడింది: అక్షరాలు ఎడమ నుంచి కుడికి ఉన్నాయి, అదీ 1956లో చైనా ప్రభుత్వం తెచ్చిన సులువు లిపిలో. పాతవాటిలో అడ్డవరుస మామూలుగా కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. చిరిగిన అంచు దగ్గర కాగితం లోపల తెల్లగా మెరుస్తోంది. పైన పాతదనమంతా టీ నీళ్ల మహిమ!

అసలు దరిద్రం అది కాదు. ఆ పోస్టరుని చుట్టి ఇచ్చిన ముతక కాగితాన్ని ఆయన చెత్తబుట్టలో పడేశాడు. ముద్ర బాగుందని నేను తీసి దాచాను. తర్వాత రేవులో ఏజెంటు చదివి చెప్పాడు: టీ కొట్టు పేరు, పైన ‘ప్రభుత్వ, ప్రైవేటు ఉమ్మడి’ అని. 1956లో చైనా పట్టణాల్లోని ప్రైవేటు కొట్లు, ఫ్యాక్టరీలు దాదాపు అన్నీ అలా ఉమ్మడివైపోయాయి. పాత యజమానికి తన వాటా మీద ఏటా 5 శాతం వడ్డీ, అంతే. కొట్టు తనదే, పెత్తనం తనది కాదు. ఆ కథంతా ఒక పొట్లం కాగితం మీద ఉంది తల్లీ. నీ ఎగ్జిబిషన్‌లో అందగత్తెలు తక్కువైనా పర్లేదు, ఇలాంటివి ఉండాలి.

తారీఖు రిపబ్లిక్ లెక్కలో, అంటే 1912ని ఒకటో ఏడుగా పట్టుకునే పాత చైనా లెక్కలో ఉంటే, ఆ ఏటి అంకెకి 1911 కలుపుకో. వైట్ రాబిట్ అనే షాంఘై చాక్లెట్ కాగితాలు తప్పకుండా తీసుకో. మొదట్లో దాని మీద మిక్కీ మౌస్ ఉండేది, 1959లో కుందేలు వచ్చింది. కుందేలంటే గుర్తొచ్చింది, బీజింగ్ నేషనల్ మ్యూజియంలో సాంగ్ రాజుల కాలపు రాగి పలక చూడు. జినాన్‌లో సూదులమ్మే లియు వారి కొట్టు ప్రకటన అది. తలుపు ముందున్న తెల్ల కుందేలే మా గుర్తు అంటాడు, టోకుగా కొంటే అదనంగా ఇస్తానంటాడు. వెయ్యేళ్ల కిందటే ఎంత గడుసుతనం!

ఇక నా భయం కస్టమ్స్. నవ్వకు. అక్కడి నిబంధనల ప్రకారం చారిత్రక విలువున్న వస్తువు 1911కి ముందుదైతే దేశం దాటనివ్వరు. 1949 వరకూ చేసినవీ సూత్రప్రాయంగా నిషేధమే, అనుమతి లేకుండా ముట్టుకోకు. పెట్టె అడుగున బట్టల మధ్య దాచే తెలివితేటలు అసలొద్దు. పరాయి దేశపు ఎయిర్‌పోర్టులో నువ్వు ఒంటరిగా కూర్చుంటే ఇక్కడ నాకు అన్నం సహిస్తుందా? 1949 తర్వాతవే కొను, ప్రతిదానికీ రసీదు అడుగు, ఫొటో తీసి నాకు పంపు.

ధరలు మాత్రం మీ అమ్మకి చెప్పకు.

మీ మావయ్య