ఇంటి పన్ను రసీదు ఉందా?

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాల వల్ల మామూలు మనిషికి ఒరిగిందేమైనా ఉందా అని అడిగారు. నేను ప్లీడరును కాను, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు నడుపుకునేవాణ్ణి. ఆ చట్టాలు వచ్చాక పదకొండు రోజులు కోర్టు మెట్లు ఎక్కి దిగాను. ఆ అర్హతతో చెబుతున్నాను.

మా షెడ్డులో పనిచేసే శ్రీకాకుళం కుర్రవాణ్ణి రాగి తీగ దొంగతనం కేసులో రిమాండుకు పంపారు. వాడు తీయలేదనే నా నమ్మకం. వారం తిరక్కుండానే బెయిలు వచ్చింది, సంతోషించాం. బెయిలు రావడం వేరు, మనిషి బయటికి రావడం వేరు అని నాకు తెలిసింది ఆ తర్వాతే. వాడు వాయిదాలకు వస్తాడని పూచీ పడే జామీనుదారులు ఇద్దరు కావాలన్నారు. వాడి అన్న పొలం పాసుపుస్తకం తువ్వాలులో చుట్టుకుని, రాత్రి బస్సెక్కి, తెల్లవారేసరికి బస్టాండులో దిగాడు. గుమాస్తా ఆ తువ్వాలు విప్పనివ్వనైనా లేదు. "ఈ ఊరి జామీను కావాలయ్యా. ఇంటి పన్ను రసీదు ఉందా?" అన్నాడు.

"మాదీ భూమే కదా బాబూ?" అని ఆ అన్న నన్ను అడిగాడు. ఏం చెప్పను?

మా కేసు చూస్తున్న జూనియర్ ప్లీడరమ్మాయి చెబితే నా ఒళ్లు మండిపోయింది. 1978లోనే మోతీరాం అనే తాపీమేస్త్రి కేసులో అచ్చం ఇదే జరిగిందట. అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని జామీను కాదంటే, జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా తప్పుబట్టారట. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టవద్దని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. ఢిల్లీలో చెప్పిన మాట మా గుమాస్తా బల్ల దాకా రావడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో!

కొత్త చట్టంలో మంచి లేదనను. ఇంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణ ఖైదీగానే గడిపితే వదిలిపెట్టాలని 479వ సెక్షన్ అంటోంది. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు అది వర్తించదు. పాత చట్టంలో అయితే సగం కాలం ఆగాలి. బాగానే ఉంది. కానీ దొంగతనానికి మూడేళ్లనుకుంటే మూడో వంతంటే ఏడాది. బెయిలు చేతిలో ఉండి జామీను లేనివాడికి అది ఏ మూలకు? బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా దొరికే, కేసుల్లో వారంలోగా జామీను తేలేనివాణ్ణి నిరుపేదగా భావించి సొంత పూచీకత్తు మీద వదలాలని పాత చట్టంలోనూ ఉంది, కొత్తదానిలోనూ ఉంది. బెయిలు మంజూరయిన ప్రతి కేసుకూ ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే, చట్టం మార్చారని నేనూ ఒప్పుకునేవాణ్ణి. బదులుగా అంకెలు మార్చారు. నాలుగు వందల ఇరవై కాస్తా మూడు వందల పద్దెనిమిది అయింది. మోసగాణ్ణి ఇప్పుడు ఏమని తిట్టాలి? పేర్లు సరేసరి, బెయిలు సంగతులున్న ఈ కొత్త చట్టం పేరు 'నాగరిక్ సురక్షా సంహిత' అని ఆ గుమాస్తాను ఒక్కసారి తడబడకుండా పలకమనండి.

కోర్టు గేటు దగ్గర ఒకాయన మూడు వేలిస్తే జామీనుదారుణ్ణి తానే తెస్తానన్నాడు. కాదనుకుని పక్క షెడ్డు ఆయన కాళ్లావేళ్లా పడి ఒప్పించాను. రెండో జామీనుకు మా ఇల్లే దిక్కు. ఇల్లేమో మా ఆవిడ పేరున ఉంది. జీవితంలో కోర్టు గుమ్మం తొక్కని మనిషి, పన్ను రసీదు చీర కొంగులో ముడివేసుకుని వచ్చి సంతకం పెట్టింది. బయటికి వచ్చాక, "వాడు వాయిదాకు రాకపోతే మన ఇల్లు తీసుకుంటారా?" అని అడిగింది. ఇల్లు కాదు, పూచీ రాసిన డబ్బు మాత్రమే కట్టించుకుంటారని చెప్పాను. నమ్మినట్టు లేదు.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న రోజు పొద్దున ఏడింటికే షెడ్డుకు ఫోను చేసి, కుర్రవాడు వచ్చాడా అని ఆరా తీస్తుంది.