లివర్ బాగానే ఉంటే ఈ ప్రొటీన్ ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు. ముక్కు నుంచి రక్తం కారితే ఒక పట్టాన ఆగదు. 'వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్' తక్కువగా ఉందన్నారు. గడ్డకట్టే ప్రొటీన్లు లివర్‌లో తయారవుతాయంటారు కదా, లివర్ పరీక్షలన్నీ నార్మలే వచ్చాయి. పైగా ఈ ఫ్యాక్టర్ ఒకసారి 38, ఇంకోసారి 61 వచ్చింది. ఏది నమ్మాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: గడ్డకట్టే ప్రొటీన్లలో చాలావరకు లివర్‌లో తయారయ్యేవే. ఇది మాత్రం కాదమ్మా. గాయమైన చోట ప్లేట్‌లెట్లను రక్తనాళం గోడకు అంటించే గ్లైకోప్రొటీన్ (చక్కెర అణువులు అతికిన ప్రొటీన్) ఇది. దీని జీన్ 12వ క్రోమోజోమ్‌లో ఉంది. ఆ జీన్ అన్ని కణాల్లోనూ ఉన్నా, ప్రొటీన్‌ను తయారుచేసేవి రెండు రకాల కణాలే: రక్తనాళాల లోపలి పొరగా ఉండే ఎండోథీలియల్ కణాలు, ఎముక మజ్జలో ప్లేట్‌లెట్లను పుట్టించే మెగాకార్యోసైట్లు. రక్తంలో తిరిగేది దాదాపు అంతా మొదటి వాటిదే. రెండోవి తయారుచేసినది ప్లేట్‌లెట్ల లోపలే నిల్వ ఉండి గాయం దగ్గర బయటికొస్తుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఎండోథీలియల్ కణాల్లో కడ్డీల్లాంటి సన్నని సంచులుంటాయి. 1964లో వైబెల్, పలాడె అనే శాస్త్రవేత్తలు వీటిని గుర్తించారు. ఫ్యాక్టర్ వాటిలో చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అడ్రినలిన్ పెరగగానే సంచులు తెరుచుకుని అది రక్తంలోకి వచ్చేస్తుంది. అంటే సూది చూసి పాప ఏడ్చినా, పరుగెత్తి వచ్చినా అంకె పెరుగుతుంది. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నా అంతే. కాబట్టి 61 వచ్చిందని జబ్బు లేదనుకోకండి.

అలాగని 38ని కూడా గుడ్డిగా నమ్మలేం. రక్తం ట్యూబును ఐస్‌లోనో ఫ్రిజ్‌లోనో పెడితే ఫ్యాక్టర్ దొంగలెక్కగా తగ్గిపోతుంది. బ్లడ్ గ్రూప్ ఓ అయినవాళ్లకు మామూలుగానే పాతిక శాతం దాకా తక్కువుంటుంది.

పాప పూర్తిగా ఆరోగ్యంగా ఉన్నప్పుడు, అరగంట కూర్చోబెట్టి, మళ్లీ పరీక్ష చేయించండి. 3.2 శాతం సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఉన్న నీలిమూత ట్యూబులో గీత దాకా రక్తం నింపాలి. 9 పాళ్ల రక్తానికి 1 పాలు సిట్రేట్ ఉండాలి, రక్తం తగ్గితే లెక్క తప్పుతుంది. ట్యూబును గది వేడిలోనే ఉంచి నాలుగు గంటల్లోపు ప్లాస్మా వేరుచేయాలి. యాంటిజెన్ (ప్రొటీన్ ఎంత ఉందో చూసేది), యాక్టివిటీ (అది ఎంత బాగా పనిచేస్తుందో చూసేది), ఫ్యాక్టర్ 8 (గడ్డకట్టే ఇంకో ప్రొటీన్) మూడూ ఒకేసారి అడగండి. యాంటిజెన్ బాగుండి యాక్టివిటీ మాత్రం పడిపోతే, ప్రొటీన్ తగినంత ఉన్నా సరిగా పనిచేయడం లేదని అర్థం.

ఈ జబ్బుకు వాడే డెస్మోప్రెసిన్ అనే మందు కొత్తగా ఏమీ తయారుచేయదు, ఆ సంచుల్లో ఉన్నదాన్ని బయటికి తెస్తుంది. అందుకే వెంటవెంటనే ఇస్తే పని తగ్గుతుంది. ఈ ఫ్యాక్టర్ నిల్వే లేని టైప్ 3 రకం జబ్బు ఉన్నవారికి అసలు పనిచేయదు. ఇచ్చిన రోజు నీళ్లు ఎంత తాగాలో డాక్టర్ చెప్పిన కొలత దాటకూడదు, దాటితే సోడియం పడిపోతుంది.

ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ సొంతంగా వేయకండి. పన్ను తీయించే ముందు డెంటిస్టుకు ఈ సంగతి తప్పక చెప్పండి. పాప త్వరలో పెద్దమనిషి అవుతుంది. బహిష్టు రక్తస్రావం ఎక్కువయ్యే అవకాశం ఉంది కాబట్టి, అప్పుడు ఏ మందు వాడాలో ఇప్పుడే హెమటాలజిస్టును (రక్తవ్యాధుల డాక్టర్‌ను) అడిగి రాయించి పెట్టుకోండి.