నలొక్సోన్ ఇంట్లో ఉంచుకోవడం గురించి సమాధానం

నమస్కారమండీ. న్యూయార్క్‌లో చదువుతున్న మీ తమ్ముడు నలొక్సోన్ (హెరాయిన్, ఫెంటనిల్ వంటి ఓపియాయిడ్ మత్తుమందుల మోతాదు మించినప్పుడు ఇచ్చే విరుగుడు మందు) కొనాలంటే డాక్టరు చీటీ కావాలా, రూమ్మేట్‌కు వాడితే కేసు అవుతుందా అని అడిగారు. చీటీ అక్కర్లేదు. నార్కాన్ పేరుతో వచ్చే 4 మిల్లీగ్రాముల నలొక్సోన్ ముక్కు స్ప్రేను చీటీ లేకుండా అమ్మడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 మార్చిలోనే అనుమతించింది. మందుల షాపులో ఎవరైనా కొనుక్కోవచ్చు.

సదుద్దేశంతో ఈ మందు ఇచ్చినవారిపై దావా పడకుండా కాపాడే చట్టాన్ని 2001లో మొదట న్యూ మెక్సికో తెచ్చింది, తర్వాత మిగతా రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. న్యూయార్క్‌లోనైతే 2011 నుంచి, అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసినవారికీ బాధితుడికీ కొద్దిపాటి మాదకద్రవ్యం దగ్గర ఉందన్న నేరం నుంచి రక్షణ ఉంది. అయితే ఇది రాష్ట్ర చట్టం. వీసా వ్యవహారం ఫెడరల్ ప్రభుత్వానిది కాబట్టి ఆ సందేహాన్ని ఇమ్మిగ్రేషన్ లాయరునే అడగండి. ఆ భయంతో ఫోన్ చేయడం మాత్రం దయచేసి ఆపవద్దని చెప్పండి.

పెదవులు నీలంగా మారి, పిలిచినా పలకకుండా, ఊపిరి అందక గురక వంటి శబ్దం వస్తుంటే వెంటనే 911కు చెప్పి, ఒక ముక్కురంధ్రంలో స్ప్రే చేయాలి. రెండు మూడు నిమిషాల్లో తెలివి రాకపోతే రెండో డోసు మరో రంధ్రంలో ఇవ్వాలి. కారణం ఓపియాయిడ్ కాకపోయినా ఈ మందు సాధారణంగా హాని చేయదు. దీని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే కనుక, లేచి కూర్చున్నా అంబులెన్సు వచ్చేదాకా ఒంటరిగా వదలకూడదు.