మొదటి పఠనం ఎందుకు కలవడం లేదంటే

కతోలిక గుడిలో రోజువారీ పూజలో వినే మొదటి బైబిలు పఠనం మీ ధ్యాన పుస్తకంతో ఎందుకు కలవడం లేదని అడిగారు. మీ చేతిలో ఉన్నది 2025 పుస్తకం అన్నారు కదా, చిక్కంతా అక్కడే ఉంది. సామాన్య కాలపు (క్రిస్మస్, ఈస్టర్ కాలాలు, వాటికి సిద్ధపడే కాలాలు కాని రోజుల) పనిరోజుల్లో మొదటి పఠనం, కీర్తన బేసి సంవత్సరానికి ఒక వరుస, సరి సంవత్సరానికి మరొకటి. సువిశేషం (యేసు జీవితాన్ని చెప్పే భాగం) ఏటా అదే. అందుకే జనవరిలో మెట్రోలో మీరు చదివిన మార్కు భాగమే గుడిలో వినబడింది. మొదటి పఠనం మాత్రం మీ పుస్తకంలో బేసి సంవత్సరపు హెబ్రీయుల లేఖ, గుడిలో దానికి బదులు సరి సంవత్సరపు సమూవేలు గ్రంథం వచ్చింది.

తేదీని కాదు, సామాన్య కాలంలో అది ఎన్నో వారమో చూసి చదవండి. ఆదివారాలకు ఆ పుస్తకం కుదరదు, అవి మూడేళ్ల చక్రం.

నన్నడిగితే, ధ్యానానికి సువిశేషం ఒక్కటే పట్టుకోండి. అమీర్‌పేట వచ్చేలోగా అన్నీ ముగించాలన్న తొందర దేనికి? సమూవేలు తల్లి ప్రార్థనను మాత్రం వదలకండి: పెదవులు కదులుతున్నాయి, మాట వినబడదు, యాజకుడేమో ఆమె తాగి ఉందనుకున్నాడు!