టెక్ సందేహాలు: ఆ ఆరు సున్నాలు తప్పు కాదు

ప్రశ్న: మా డ్రోన్ ఫ్రేమ్‌కి ఫైనైట్ ఎలిమెంట్ (వస్తువును చిన్న ముక్కలుగా చేసి లెక్కించే) సాఫ్ట్‌వేర్‌లో సహజ ఫ్రీక్వెన్సీలు (అది తనంతట తాను కంపించే రేట్లు) లెక్కిస్తే మొదటి ఆరూ దాదాపు సున్నా వచ్చాయి. స్టాటిక్ రన్ (నిలకడ లోడ్ కింద చేసే లెక్క) ఎర్రర్ చూపి ఆగిపోతోంది. నాలుగు కాళ్లూ ఫిక్స్ చేస్తే రెండూ నడుస్తున్నాయి. అలాగే ఇచ్చేయనా? సబ్మిషన్ దగ్గరపడి టెన్షన్‌గా ఉంది.
– ఎం.టెక్. విద్యార్థి, కాకినాడ

జవాబు: దయచేసి అలా ఇవ్వకండి. మీ మోడల్ బాగానే ఉంది. గాల్లో ఉన్న వస్తువు వంగకుండా, సాగకుండానే మూడు దిక్కుల్లో జరగగలదు, మూడు అక్షాల చుట్టూ తిరగగలదు. ఈ ఆరింటినీ వెనక్కి లాగే బలం ఏదీ లేదు, అందుకే సున్నా. స్టాటిక్ రన్ ఆగిపోయేదీ అందుకే. అసలు కంపనం ఏడోదాని నుంచి మొదలవుతుంది. నేనైతే ఏ మోడల్ చేతికొచ్చినా ముందు ఈ ఆరు సున్నాలే చూస్తాను. ఏడు వస్తే ఎక్కడో ఒక భాగం సరిగ్గా అతకలేదు. ఐదే వస్తే తెలియకుండా ఏదో నేలకు కట్టేశారు.

కాళ్లు ఫిక్స్ చేస్తే మీరు లెక్కించేది బల్లకు బిగించిన డ్రోన్‌ని. ఫ్రీక్వెన్సీలు మారిపోతాయి, కాళ్ల దగ్గర లేని స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) పుడుతుంది. స్టాటిక్ రన్‌కి ఇనర్షియా రిలీఫ్ ఆన్ చేయండి. అది థ్రస్ట్ (రోటర్ల తోపు) వల్ల వచ్చే త్వరణాన్ని లెక్కగట్టి, ఆ మేరకు ఎదురు బలాన్ని ఫ్రేమ్ ద్రవ్యరాశి అంతటా పంచుతుంది. ఆ ఆప్షన్ లేకపోతే, డ్రోన్ గాల్లో నిలిచి ఉన్న స్థితిని తీసుకోండి. ఒకే గీత మీద లేని మూడు నోడ్‌లు (మోడల్‌లోని బిందువులు) ఎంచి, ఒకదాన్ని మూడు దిక్కుల్లో, ఇంకోదాన్ని రెండింటిలో, మూడోదాన్ని ఒక్కదాంట్లో ఆపండి. ఆరు కదలికలూ ఆగేలా దిక్కులు ఎంచుకోవాలి. థ్రస్ట్, బరువు సరితూగితే అక్కడ రియాక్షన్లు (ఆపిన చోట పుట్టే ఎదురు బలాలు) సున్నా రావాలి.

ప్రశ్న: స్టీలు రోబో చేతిని లోడ్ లేకుండా 10 డిగ్రీలు తిప్పాను. స్ట్రెస్ 3,000 మెగాపాస్కల్స్!
– డిజైన్ ఇంజనీర్, హైదరాబాద్

జవాబు: లీనియర్ సెట్టింగ్‌లో వదిలేసి ఉంటారు. చిన్న కదలికల కోసం రాసిన ఆ సూత్రం, తిరగడాన్ని కూడా కుదింపుగా లెక్కేస్తుంది. 10 డిగ్రీల కొసైన్ 0.985, అంటే 1.5 శాతం దొంగ కుదింపు. దాన్ని స్టీలు దృఢత్వం (యంగ్స్ మాడ్యులస్) 200 గిగాపాస్కల్స్‌తో గుణించండి, మీ 3,000 వచ్చేస్తుంది. మామూలు మైల్డ్ స్టీలు 250 మెగాపాస్కల్స్ దగ్గరే లొంగుతుంది.

అబాకస్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌ఎల్‌జియోమ్, యాన్సిస్‌లో లార్జ్ డిఫ్లెక్షన్ ఆన్ చేయండి. చేయి గుండ్రంగా తిరుగుతూనే సన్నగా ఊగుతుంటే మల్టీబాడీ (కదిలే భాగాల చలనాన్ని లెక్కించే) సాఫ్ట్‌వేర్ మేలు. అందులో తిరగడం చేయితో పాటు కదిలే రిఫరెన్స్ ఫ్రేమ్‌ది, ఊగడం ఆ ఫ్రేమ్ లోపలిది. ఆ ఊగడం చిన్నదే కదా అని వదలకండి. 1958లో అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1ని పొడవాటి అక్షం చుట్టూ తిప్పి వదిలితే, వంగే యాంటెన్నాలు శక్తిని హరించి దాన్ని పల్టీలు కొట్టించాయి.

సెట్టింగ్ మార్చాక అదే 10 డిగ్రీలు మళ్లీ తిప్పండి. ఈసారి స్ట్రెస్ సున్నా దగ్గర ఉండాలి.