సిరా లేని ఫొటో

అమ్మాయీ,

అబ్దుల్ బహా వీలునామా అసలుదా కాదా అన్న తగువు మీద నీ వ్యాసం అందింది. మొదటిసారి గబగబా చదివేశాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను గానీ, మొదటి మూడు పేజీల్లో దానికి పనే పడలేదు. 1921 నవంబరు 28న హైఫాలో బహాయీ మత పెద్ద అబ్దుల్ బహా కన్నుమూయడం, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న 24 ఏళ్ల మనవడు షోగీ ఎఫెండీకి లండన్‌లో ఇంకొకరి బల్ల మీద ఆ టెలిగ్రాం కంటపడడం, తాతగారి వీలునామా తననే బహాయీ సమాజానికి సంరక్షకుడిగా నియమించిందని తెలిశాక ఆ కుర్రవాడు కుదేలవడం... బాగా పట్టుకున్నావు.

రూత్ వైట్ వచ్చిన దగ్గర్నుంచే నీ రాత పరుగందుకుంది. ఆవిడ అమెరికన్ బహాయీ. అబ్దుల్ బహాను నమ్మింది, ఆయన పేరుతో బయటికొచ్చిన వీలునామాను మాత్రం నమ్మలేదు. దాని ఫొటోలు చార్లెస్ ఎయిన్స్‌వర్త్ మిచెల్ అనే ఇంగ్లండు దస్తూరి నిపుణుడికి ఇచ్చింది. 1930లో ఆయన నివేదిక వచ్చింది. ఇక్కడ నువ్వు 'నిపుణుడు తేల్చేశాడు' అని రాశావు. తేల్చలేదమ్మా. తనకిచ్చిన అసలు దస్తూరి నమూనాల లక్షణాలు వీలునామాలో కనబడలేదనీ, అంతా ఒక్కరే రాసినట్టుగా కూడా లేదనీ ఆయన అన్నమాట నిజమే. కానీ చూసింది ఫొటోలే కాబట్టి తన అభిప్రాయం తాత్కాలికం అని కూడా ఆయనే రాశాడు. ఆ ఒక్క మాట నీ వ్యాసంలో ఎగిరిపోయింది. కావాలని తీసేశావని అనను. పాఠకుడికి బిగువు తగ్గుతుందనుకుని ఉంటావు.

నాకైతే కథంతా ఆ మాటలోనే ఉందనిపిస్తుంది. మిచెల్ సామాన్యుడు కాడు. సిరాల మీద పుస్తకం రాసినవాడు. అలాంటి మనిషి చేతికి సిరా లేని ఫొటోలు వచ్చాయి. కాగితంలోకి సిరా ఎంత ఇంకింది, కలం ఎక్కడ ఎత్తి మళ్లీ ఎక్కడ ఆన్చారు, ఏ గీత మీద ఇంకో గీత దిద్దారు, ఇవన్నీ అసలు కాగితాన్ని లెన్సు కింద పెట్టి, పక్కనుంచి వెలుతురు వేస్తేనే సరిగ్గా తెలుస్తాయి. ఫొటోలో మిగిలేది ఆకారం. దొంగ సంతకం పెట్టేవాడు కష్టపడి సాధించేదీ ఆకారాన్నే. అతగాడు దొరికిపోయేది ఎక్కువగా వేగం దగ్గర. అక్షరాన్ని రాయడు, బొమ్మలా గీస్తాడు. అందుకే గీత అంతా ఒకే మందంలో సాగి, చివర మొద్దుగా ఆగిపోతుంది.

అయితే దీనికీ ఒక తిరకాసు ఉంది. రిటైరయ్యాక ఒకసారి బ్యాంకులో నా సంతకం కలవలేదన్నారు. కౌంటరు దగ్గర నిలబెట్టి మూడుసార్లు పెట్టించారు. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. ఆ అమ్మాయి నా చేతికేసే చూస్తుంటే టెన్షన్‌తో పాత సంతకాన్ని గుర్తు చేసుకుని, మెల్లగా, వంపు వంపూ దిద్దుకుంటూ పెట్టాను. అంటే నా సంతకాన్ని నేనే ఫోర్జరీ చేశానన్నమాట! నాలుగోది విసుగుతో బరికేస్తే, అది కలిసింది.

ఇప్పుడు ఆ వీలునామా సంగతి చూడు. అది ఒక్క రోజున రాసింది కాదు. మూడు భాగాలు, వేర్వేరు సమయాల్లో, హైఫా దగ్గరి అక్కా పట్నంలో ప్రమాదం నెత్తిమీద ఉన్న ఏళ్లలో రాసినవి. రెల్లుకలం మొన కొత్తగా చెక్కితే గీత మందమే మారిపోతుంది. పైగా మొదటి భాగం చివర ఒక చిన్న గమనిక ఉంది: ఈ కాగితం చాలాకాలం భూమిలో దాచి ఉంచాం, చెమ్మకు కొన్ని చోట్ల పాడైంది, దేశం అల్లకల్లోలంగా ఉండడంతో అలాగే వదిలేశాం అని దాని సారాంశం. నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు! నేనైతే అక్కడ పేజీ ఆగుతాను. మట్టిలోంచి తీసిన ఆ కాగితాన్ని పాఠకుడి చేతిలో పెట్టి, తర్వాతే మిచెల్ దగ్గరికి తీసుకెళ్తాను.

అహ్మద్ సొహ్రాబ్‌ని అసలు తేలేదేం? అబ్దుల్ బహా దగ్గర ఏళ్ల తరబడి కార్యదర్శిగా పనిచేసినవాడు, ఆ దస్తూరి ఎరిగినవాడు. తర్వాత షోగీ ఎఫెండీ పాలనా పద్ధతిని ఎదిరించాడు. వీలునామా దొంగదని అనడానికి అతనికి అన్ని కారణాలూ ఉన్నాయి. అయినా అది అసలుదేనని ఒప్పుకున్నాడు. నన్నడిగితే ఇది ఫొటో మీద ఇచ్చిన నివేదిక కంటే బరువైన సాక్ష్యం. అలాగని ఇదే రుజువు అని రాసెయ్యకు, మళ్లీ అదే తప్పవుతుంది.

నేను కోర్టు బీటులో ఉన్న రోజుల్లో దస్తూరి నిపుణులు బోనెక్కడం చాలాసార్లు చూశాను. ఇద్దరు నిపుణులు, ఒకే సంతకం, రెండు అభిప్రాయాలు. మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి సుప్రీంకోర్టులో మురారీలాల్ కేసులో ఈ తగువు మీద తీర్పు రాశారు. వేరే సాక్ష్యం తోడు లేదన్న ఒక్క కారణంతో నిపుణుడి మాట తోసేయాల్సిన పని లేదు, కానీ ఈ శాస్త్రం ఇంకా పూర్తిగా పక్వానికి రాలేదు కాబట్టి ఆచితూచి నడవాలి అని దాని సారం. ఒకసారి చదువు, పెద్ద పొడుగేం కాదు.

షోగీ ఎఫెండీ 1957లో వీలునామా రాయకుండానే పోయాడు కదా, దాన్ని ముగింపుగా పెట్టావు. అక్కణ్నుంచి తీసెయ్. ఎత్తిపొడుపులా ఉంది. ఆ నమ్మకంతో బతికేవాళ్లు చదివితే మొహం ముడుచుకుంటారు. 1963లో విశ్వ న్యాయమందిరానికి, అంటే బహాయీల అత్యున్నత పాలకమండలికి ఎన్నిక ఎందుకు, ఎలా జరిగిందో చెప్పే చోట అయితే మామూలు సమాచారంలా ఇమిడిపోతుంది.

అన్నట్టు, వీలునామా అన్న మాటలో సగం ఇంగ్లీషు, సగం పారశీకం. ఈ కథకు అంతకంటే తగిన పేరు ఏముంటుంది? 'దొంగ వీలునామా' అన్న నీ టైటిల్లోంచి మొదటి మాట కొట్టేశాను. పేరు ఒకచోట షోగీ, ఇంకోచోట షౌకీ అని ఉంది, ఒకటే ఉంచు.

నాలుగో పేజీ నుంచి తిరగరాసి పంపు. వచ్చే నెల ఇరవై దాకా ఊళ్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ మాస్టారు